ఏం లేదులే

మనుషులు చెప్పేది వినక్కర్లేదని, ఊహిస్తే చాలని డాక్టర్ మందాకినికి గట్టి నమ్మకం. అపార్ట్‌మెంట్ సెక్రటరీ లిఫ్టులో ఎదురైతే నీళ్ళ ట్యాంకరు సంగతి ఎత్తుతాడు. తోడికోడలు ఫోన్ చేస్తే ముందు ఎండల గురించి, తర్వాత పనిమనిషి గురించి, చివర్న తన కొడుకు మార్కుల గురించి చెబుతుంది. ఆవిడ పనిచేసే ల్యాబ్ డైరెక్టరు భూషణరావు మీటింగు మొదలుపెడుతూ 'మనమంతా ఒక కుటుంబం' అన్నాడంటే ఆ వారం ఎవరి ఉద్యోగమో ఊడినట్టే. లోకమంతా కలిపి నాలుగు ముక్కలు అరగదీసుకుంటూ బతికేస్తోందని, అలాంటి వాగుడు వినడానికి రెండు చెవులు దుబారా అని ఆవిడ అనేది. నవ్వకుండానే అనేది.

అలాంటి మనిషికి పుట్టు చెవుడుతో కూతురు పుట్టింది. బంధువులు దాన్ని కర్మ అన్నారు. ఆవిడ బంధువులను మందబుద్ధులంది. మూడేళ్ళు నిండకుండానే పిల్లకు కాక్లియర్ ఇంప్లాంట్ వేయించింది. లోపల నరానికి తీగ, బయట చెవి వెనక చిన్న ప్రాసెసరు, తలకు అయస్కాంతంతో అతుక్కునే బిళ్ళ. హిమజకు మాటలు వచ్చాయి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో ఎదురుగా కూర్చుని మాట్లాడితే చక్కగా వింటుంది. కానీ బడి నిశ్శబ్దంగా ఉన్న గది కాదు కదా. నెత్తిన కిరకిరలాడే ఫ్యాను, పక్క తరగతి ఎక్కాల పాట, వీధిలో ఆటో హారన్లు, అన్నీ కలిసి టీచరు మాటను సగం మింగేస్తాయి. మిగిలిన సగంతో పిల్ల కుస్తీ పట్టాలి.

ఏసీ గదుల్లో చదువు అమ్ముకునే పెద్ద స్కూలు ప్రిన్సిపాలు హిమజ చెవి వెనక ఉన్నది చూసి, "మా టీచర్లు చాలా బిజీ అండి, చెవిటివాడి ముందు శంఖం..." అని సగంలో నాలుక కరుచుకుని టీ తెప్పించాడు. రెండో స్కూల్లో టీ కూడా ఇవ్వలేదు. చివరికి విశాఖ చేపల రేవు పక్కనున్న మున్సిపల్ ప్రాథమిక పాఠశాల చేర్చుకుంది. పెద్దమనసుతో కాదు, కాదనడానికి వాళ్ళకు రూలు లేదు గనక.

ఇలాంటి పిల్లల కోసం తిరిగే రిసోర్సు టీచరు ఒకావిడ వచ్చి బడివాళ్ళకు మూడు ముక్కలు చెప్పి వెళ్ళింది. పిల్లకు మీ ముఖం కనబడేలా మాట్లాడండి. అర్థమైందా అని అడక్కండి, ఏం అర్థమైందో చెప్పమనండి. అర్థం కాకపోతే విసుక్కోకుండా మళ్ళీ చెప్పండి. అందరూ తలలూపారు. ఎవరూ చెయ్యలేదు. మళ్ళీ చెప్పడమంటే మనవాళ్ళకు ఎక్కడలేని ప్రాణసంకటం. అల్లుడికి పెట్టిన మర్యాదలు ముప్ఫై ఏళ్ళపాటు మళ్ళీ మళ్ళీ చెబుతారు. ఎన్నికల్లో ఇచ్చిన హామీ ఐదేళ్ళకోసారి సిగ్గులేకుండా మళ్ళీ చెబుతారు. పసిపిల్ల అడిగిన ఒక్క మాట రెండోసారి చెప్పాలంటే మాత్రం నోరు పడిపోతుంది.

మళ్ళీ చెప్పిన మనిషి ఆ బడిలో ఒక్కతే. పక్కన కూర్చునే నూకరత్నం. వాళ్ళమ్మ రేవులో చేపల వేలం పాడుతుంది, ఆ గొంతే కూతురికీ వచ్చింది. సింహాద్రి మాస్టారు ఏదైనా చెప్పగానే ఆ పిల్ల హిమజ గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుని, "మాస్టారు ఏటన్నారంటే..." అని మొదలుపెట్టి అదే మాట వేలంపాట స్థాయిలో అప్పగించేది. అర్థం కాకపోతే ఇంకోసారి. అప్పటికీ కాకపోతే చేతులతో ఆడి చూపించేది. హిమజ నవ్వేది. మూడో తరగతి పాఠం హిమజకు చేరింది ఆ దారినే.

మందాకినికి ఆ పిల్లంటే ఒళ్ళుమంట. ఆ నీచు వాసన, ఆ గొంతు, ఆ భాష. ఒకరోజు హిమజ ఇంట్లో కూడా "ఓలమ్మ, ఏటిది" అనేసరికి ఆవిడకు అన్నం సయించలేదు.

ఇక ఇంట్లో మళ్ళీ చెప్పేదెవరు? వాళ్ళ నాన్న తారకేశ్ పోర్టులో షిఫ్టులు చేసి వస్తాడు, ఉన్నప్పుడు చెబుతాడు. మందాకినికి తీరిక లేదు. కూర తరుగుతూ, ల్యాప్‌టాప్‌లో తల దూర్చి ఏదో అంటుంది. హిమజ వచ్చి, "ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు" అంటుంది. "ఏం లేదులే, వెళ్ళి చదువుకో" అంటుంది ఆవిడ. రోజూ అదే. తన నోటినుంచి ఎప్పుడూ అదే వస్తోందని ఆవిడకు తోచనే లేదు. గురివింద తన నలుపు ఎరగదు.

అలా తీరిక లేకుండా ఆవిడ కనిపెట్టిందే 'ముందుమాట'.

చింతగింజంత చిప్పు. ప్రాసెసరులో అమర్చితే పిల్ల చుట్టూ ఉన్న మనుషుల గొంతులను, అలవాటు మాటలను కొన్ని వారాలు వింటూ నేర్చుకుంటుంది. ఆ తర్వాత గోలలో మాట చిరిగిపోయి వస్తే, ఆ మనిషి ఏం అని ఉంటాడో ఊహించి, అతని గొంతుతోనే అతుకు వేస్తుంది. ఇంకొన్నాళ్ళకు అతుకు వేయడం కాదు, ముందే పలుకుతుంది. నమ్మకం బలంగా ఉన్నచోట యంత్రం ఎదుటివాడి నోటికోసం ఆగదు. ఆగితే ఆలస్యం, ఆలస్యమైతే పిల్ల వెనకబడుతుంది. అందుకే ఆగొద్దని ఆవిడే దానికి రాసిపెట్టింది. బొత్తిగా ఊహకందని మాటలను గోల కింద లెక్కగట్టి మూసేయమని కూడా రాసింది.

"ఊహకందని మాటలు ఎంత ఉంటాయి మేడమ్?" అన్నాడు భూషణరావు.

"నూటికి రెండు. ఆ రెండూ ఎవరికీ అక్కర్లేని మాటలు" అంది మందాకిని.

మొదటి ట్రయల్ హిమజ మీదే. యంత్రానికి అందరికంటే సులువుగా దొరికిపోయినవాడు సింహాద్రి మాస్టారు. ఏళ్ళ తరబడి అదే పాఠం, అదే చోట అదే దగ్గు, కోతి-మొసలి కథలో అదే హాస్యం, ఆ హాస్యానికి తానే ముందు నవ్వడం. గొంతు నేర్చుకోవడానికి ఆయన మెడలో తగిలించిన మైకు కూడా మూడో వారానికి అక్కర్లేకపోయింది. ఒకరోజు ఆయన సెలవు పెడితే, ఆ పీరియడులో పిల్ల మామూలుగానే పాఠం వినేసిందని ల్యాబ్ కుర్రాళ్ళు చెప్పుకుని పడి పడి నవ్వారు. మందాకినికి గర్వంగా అనిపించింది. తను మొదట్నుంచీ చెబుతున్నది ఇదే కదా.

ఆవిడ గొంతును కూడా యంత్రానికి నేర్పారు. ఏ రోజుల్లో అంటే, సరిగ్గా ఆ పనిలో ఆవిడకు ఊపిరి సలపని రోజుల్లో. ప్రాసెసరు పెట్టుకుని పిల్ల వెనకాల తిరుగుతోంది, ఆవిడ మామూలుగా మాట్లాడుతోంది. మామూలుగానే మాట్లాడమని అందరికీ చెప్పిందీ ఆవిడే.

హిమజకు మార్కులు వచ్చాయి. ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేది. విద్యాశాఖ పెద్దాయన దండలూ కెమెరాలూ వెంటేసుకుని వచ్చి, మాస్టారి చేత పాఠం చెప్పించుకుని, పిల్ల జవాబులకు చప్పట్లు కొట్టి, "చూశారా, ఇక టీచర్ల మీద భారం లేదు" అన్నాడు. భారమట. పిల్లకు రెండోసారి చెప్పడమే ఆ భారం. దాన్ని దించడానికి ఇన్ని కోట్లు పోసి ఒక యంత్రం. ఆయన ఉపన్యాసం మాత్రం ఒకే విషయం మూడుసార్లు చెప్పింది.

ఆ సందర్శనకు ముందురోజే మందాకిని మాస్టారిని పక్కకు పిలిచి, "ఆ నూకరత్నాన్ని వెనక బెంచీకి మార్చండి. ఇక అవసరం లేదు, డిస్టర్బెన్సు" అంది. మాస్టారు మార్చేశాడు. ఆయనకు ఎవరు ఏం చెప్పినా 'అలాగేనమ్మా' అనడమే తెలుసు. అది కూడా యంత్రానికి తెలుసు.

ఇల్లు ప్రశాంతమైపోయింది. 'మళ్ళీ చెప్పు' అన్న మాటే లేదు. పిల్లలు ఆడుకునేటప్పుడు మాట్లాడేది యంత్రం ఊహకు అందదు గనక ఆ గోలంతా మూసుకుపోయింది. హిమజ ఆటల పీరియడులో చేతులు కట్టుకుని కూర్చునేది. క్రమశిక్షణ వచ్చిందని మందాకిని మురిసింది.

"ఈ మధ్య అది నాతో పేచీ పెట్టడం లేదు మందా," అన్నాడు తారకేశ్ ఒక ఆదివారం. "మొన్న కొత్త కథ చెప్పాను. తలూపింది. తర్వాత అడిగితే, ఎప్పుడూ చెప్పే రాజుగారి కథే చెప్పావుగా నాన్నా అంది."

"మీకు కొత్త కథలు ఎక్కడివిలెండి" అంది ఆవిడ.

అతను పేపరు అందుకున్నాడు. అందుకుంటాడని ఆవిడకు తెలుసు.

తర్వాతి వారం హిమజ బడినుంచి వచ్చి సంచీ విసిరేసి గోడవైపు తిరిగి పడుకుంది. అన్నం తినలేదు. తారకేశ్ వీపు నిమిరి నిమిరి అడిగితే, "నూకరత్నం రావట్లేదు. ఊరెళ్ళిపోయిందని పిల్లలు పలక మీద రాసి చూపించారు. నాతో చెప్పకుండా వెళ్ళిపోయింది. ఇంక దాంతో కచ్చి, మాట్లాడను" అంది. అంటూనే వెక్కి వెక్కి ఏడ్చింది. చాలా రోజుల తర్వాత ఆ ఇంట్లో శబ్దం వినబడింది.

మర్నాడు మందాకిని బడికి వెళ్ళింది. స్నేహితురాలిని వెతకడానికి కాదు. యంత్రం ఎక్కడ ఏ మాట జారవిడిచిందో తేల్చుకోవడానికే. సింహాద్రి మాస్టారు పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ వరండాలోకి వచ్చాడు.

"సెప్పకపోవడమేటమ్మా," అన్నాడు. "నానే సెప్పాను కదా తరగతిలో. ఆళ్ళ నాన్న వేరావల్ బోట్ల మీదకి ఎల్తన్నాడు, ఇల్లంతా గుజరాత్ ఎల్లిపోతంది, రేపట్నించి నూకరత్నం రాదర్రా అన్నాను. పిల్లలంతా ఏడుపు. మీ పాప ఒక్కత్తే లెక్కల పుస్తకం తీసి ముందెట్టుకుంది."

మందాకినికి వెంటనే అర్థమైంది. ఆ వేళకు మాస్టారు రోజూ చెప్పేది అదే. తెలుగు మూసి లెక్కలు తియ్యండర్రా. యంత్రం ఆయన గొంతుతో పిల్లకు వినిపించిందీ అదే. ఆయన జన్మానికి ఒక్కసారి కొత్త మాట చెప్పాడు, ఆ ఒక్కటీ పిల్లకు చేరలేదు.

"మరి ఆ అమ్మాయి?"

"అది బెంచీ దిగి వచ్చి మీ పాప ముందు నిలబడి సెప్పిందమ్మా. ఒకసారి కాదు. గట్టిగా సెప్పింది, నానెల్లిపోతన్నాను, నువ్వు మర్సిపోకు అని. ఈ పాప తలెత్తితేగా. పుస్తకంలోనే సూపు. పాపం ఆ గుంట ఏడ్సుకుంటూ నా దగ్గరకొచ్చి, హిమజ నాతో పలకనేదు మాస్టారూ, పెద్ద సదువులైపోయాయి దానికి అనీసి ఎల్లిపోనాది."

ఒకప్పుడు హిమజ ఎవరు మాట్లాడినా పెదాలకేసి చూసేది. చెవి సరిపోనిచోట కళ్ళతో అందుకునేది. ముందుమాట వచ్చాక ఆ అవసరం తీరింది, అలవాటు పోయింది. అవసరం తీర్చింది తల్లే.

ఆ సాయంత్రం మందాకిని కూతురి పక్కన కూర్చుంది. ఏం చెప్పాలో దారిపొడుగునా కూడబలుక్కుంది. ఆవిడ మొహం చూసి హిమజే అడిగింది.

"ఏమైందమ్మా?"

"నూకరత్నం నీతో చెప్పే వెళ్ళింది తల్లీ. నీకు వినబడలేదు. తప్పు దానిది కాదు, నాది."

హిమజ లేచి లోపలికి వెళ్ళి పుస్తకం తెరిచింది.

"ఎక్కడికే? నేను చెబుతుంటే" అంది మందాకిని వెనకాలే వెళ్ళి.

హిమజ ఆశ్చర్యంగా చూసింది. "నువ్వే కదా అన్నావు. ఏం లేదులే, వెళ్ళి చదువుకో అని."

తారకేశ్ గుమ్మంలో నిలబడి భార్యకేసి చూశాడు. అతను విన్నది వేరు.

ల్యాబ్ సంచీలో హెడ్‌ఫోన్లు ఉంటాయి. పిల్ల చెవికి ఏం చేరుతోందో వినడానికి వాటినే వాడతారు. మందాకిని వాటిని ఒక్కసారీ ఇంట్లో వాడలేదు. గ్రాఫులు చూస్తే సరిపోయేది, వినే ఓపిక ఆవిడకు ఎక్కడిది. ఇప్పుడు తీసి పెట్టుకుంది. హిమజను ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడింది.

"నీకు ఇష్టమైన సాంబారు చేశాను" అంది. 'బేగి తిను, టైమైపోతోంది' అని వినబడింది హెడ్‌ఫోన్లలో. 'బేగి' విని ఆవిడ ఉలిక్కిపడింది. తన నోట ఆ రేవు మాట కూడా దొర్లుతుందని ఆవిడకు తెలియదు. "నీ స్నేహితురాలి దగ్గరికి తీసుకెళ్తాను" అంది. 'తర్వాత చూద్దాం' అని వినబడింది. గొంతు సన్నగా వణుకుతుండగా, "నిన్ను చూస్తే నాకు భయంగా ఉందే, నన్ను క్షమించు" అంది. ఆ గొంతు వణకలేదు. చిన్న నిట్టూర్పు విడిచింది, అది కూడా ఆవిడ నిట్టూర్పే, అచ్చంగా. తర్వాత చెప్పింది. 'ఏం లేదులే.'

ఇన్నాళ్ళూ లోకాన్ని నాలుగు ముక్కల గొంతని ఈసడించిన మనిషికి, తన గొంతులో ఉన్నవి ఆ నాలుగు కూడా కాదని తెలిసింది. ఏడుపు వచ్చింది. హిమజ చూసి, "ఏమైందమ్మా?" అంది. ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టింది. చెప్పినా ఏం వినబడుతుందో తెలుసు.

పాత ప్రోగ్రాముకు మార్చేద్దామంటే దాని తాళం ల్యాబ్‌లో ఉంటుంది. పిల్లల తల్లులు మధ్యలో బెంబేలెత్తి మార్చేస్తారని, తల్లుల తెలివిమీద నమ్మకం లేక, ఆ నిబంధన పెట్టింది ఆవిడే. పొద్దున్నే పిల్లను వెంటబెట్టుకుని ల్యాబ్‌కు వెళ్ళింది. భూషణరావు ఎదుట కూర్చుని అంతా చెప్పింది. అప్పటికే కొన్ని బడుల్లో వేరే పిల్లలకూ పెట్టిన ముందుమాటను కొత్త బడులకు పంపడం ఆపాలంది.

ఆయన విన్నాడు. వింటున్నట్టు కనబడ్డాడు.

"నూటికి తొంభై ఎనిమిది సరిపోతోంది కదా మేడమ్. మిగతా రెండూ ఎవరికీ అక్కర్లేని మాటలని మీరే అన్నారు."

"నేను అన్నది తప్పండీ."

"మీరు అలసిపోయారు. రాష్ట్రమంతా ఎదురుచూస్తోంది. టీచర్లు హాయిగా ఉన్నారు, తల్లిదండ్రులు మెచ్చుకుంటున్నారు, ఒక్క పిల్లాడు కూడా మళ్ళీ చెప్పమని అడగట్లేదు. ఇంకేం కావాలి?" అని, కాస్త ఆగి, దయతో చెబుతున్నట్టు, "మీ పాప ఒక్కదానికి కావాలంటే మార్చుకోండి. డెమోలకు వేరే పిల్లలున్నారు. మనమంతా ఒక కుటుంబం కదా" అన్నాడు.

ఆ చివరి మాట ఆవిడ ముందే ఊహించింది. ఆ వారం ఊడేది ఎవరి ఉద్యోగమో కూడా ఊహించింది. ఆ ఊహలు ఆవిడకు ఎప్పుడూ తప్పవు. ఏ ప్రయోజనమూ లేని తెలివి అది.

ల్యాబ్ గదిలో తన చేతులతోనే ముందుమాటను తీసేసి పాత ప్రోగ్రాము పెట్టింది. రోడ్డుమీదకు రాగానే హిమజ చెవులు మూసుకుంది. బస్సులు, హారన్లు, రోడ్డు తవ్వే యంత్రం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీదపడ్డాయి. ఆటో ఎక్కాక పిల్ల తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఇంటికెళ్ళి తలుపులన్నీ వేసి నిదానంగా చెబుదామనుకుంది మందాకిని. రేవు దగ్గర సిగ్నలు పడింది. ఎదురుగా ఐసు లారీలు, చేపల తట్టలు, ఎవరో ఆడమనిషి వేలం పాడుతున్న గొంతు. హిమజ ఆ గొంతు వచ్చినవైపు చటుక్కున తిరిగి చూసింది. చాలాసేపు చూసింది.

ఇక ఆగడం మందాకిని వల్ల కాలేదు. పిల్ల గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"నూకరత్నం నీతో చెప్పే వెళ్ళింది. నీకు వినబడకుండా చేసింది నేనే."

"ఏంటి? మళ్ళీ చెప్పు."

ఏం లేదులే. నాలుక చివరికి అదే వచ్చింది. ఎవరూ పిలవకుండానే వచ్చి కూర్చుంది, సొంత ఇంట్లోకి వచ్చినట్టు. ఆవిడ దాన్ని మింగింది. గొంతు పెంచి, విడివిడిగా, పెదాలు కనబడేలా, వేలం పాడినట్టు మళ్ళీ చెప్పింది. ఆటో డ్రైవరు అద్దంలోంచి చూశాడు. పక్కన బండిమీద ఉన్న దంపతులు తల తిప్పి, ఎవరీ అరుపులమనిషి అన్నట్టు మొహం చిట్లించారు. ఆ చిట్లింపు మందాకినికి బాగా తెలుసు. అది ఇన్నాళ్ళూ తన మొహం మీద ఉన్నదే.

"మళ్ళీ చెప్పు" అంది హిమజ.

"నూకరత్నం నీ ముందుకొచ్చి చెప్పింది. నానెల్లిపోతన్నాను, నువ్వు మర్సిపోకు అంది. నువ్వు పలకలేదని ఏడ్చింది. తప్పు నీది కాదు. దానిది కాదు. నాది. అమ్మది."

ఈసారి వినబడింది. హిమజ కళ్ళు నిండాయి, ముఖమంతా తేటపడింది. వినబడిందని చూస్తేనే తెలుస్తోంది. అయినా పిల్ల కళ్ళు తుడుచుకోలేదు, తల్లి పెదాల మీంచి చూపు తిప్పలేదు.

"మళ్ళీ చెప్పు" అంది.

సిగ్నలు పచ్చగా మారింది. వెనకనుంచి హారన్లు మోగాయి. మందాకిని ఇంకా గట్టిగా మళ్ళీ చెప్పింది.